టేకు విల్లు విరిగింది, వెదురు విల్లు వాలిపోయింది: ఎక్కడ తప్పు జరిగింది?

ప్రశ్న: నాకు వడ్రంగం సరదా. మేడ మీద రేకుల షెడ్డులో చిన్న చిన్న సామాన్లు చేస్తుంటాను. ఇంట్లో మిగిలిన టేకు బద్దతో 5 అడుగుల విల్లు చేశాను. 28 అంగుళాలు లాగితే మూడోసారికే పైభాగం ఫట్‌మని విరిగింది. విరిగిన చోట కలం మొన చెక్కినట్టు వాలుగా చీలింది. తర్వాత పచ్చి వెదురు చీల్చి ఇంకొకటి చేశాను. అది విరగలేదు గానీ వారం తిరిగేసరికి నారి తీసినా వంగే ఉంటోంది, బాణంలో ఊపు లేదు. నాకు పూర్తిగా లాగితే 40 పౌన్ల బరువు తూగే విల్లు కావాలి. ఏ చెక్క కొనాలి? వెనక గుడ్డ అతికిస్తే విరగదంటారు, నిజమేనా? (హనుమకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: విరిగిన ముక్కల్ని పారేయలేదు కదా? ఏం జరిగిందో చెప్పేది అవే. చెక్క అడ్డంగా, బిస్కెట్టు తుంచినట్టు పుటుక్కున విరిగితే అది మరీ ఎండి పెళుసెక్కిందనో, లోపల పుచ్చిందనో అర్థం. పొడవాటి ఈనెలు లేచి వాలుగా చీలితే నార తెగిందని అర్థం. మీది రెండోదే. చెక్కలో నార చెట్టు నిలువునా సాగుతుంది, రంపం తన దారిన తాను పోతుంది. మీ బద్ద అంచు ఒక దిక్కుకి, నార ఇంకో దిక్కుకి పోయి ఉంటాయి. విల్లు వంగినప్పుడు లాగుడంతా పడేది వీపు మీద. వీపు అంటే గురివైపు ఉండే ముఖం, మీవైపు ఉండేది పొట్ట. వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. వీపు మీదికి వచ్చి తెగిపోయిన నారకి పట్టు ఉండదు కాబట్టి చీలిక అక్కడ మొదలై, ఆ వాలు వెంబడే లోపలికి పరిగెత్తింది.

దానికి తోడు కొలత కూడా తప్పింది. మధ్యలో వంగని పిడి ఉన్న వింటికి, ఎంత లాగుతారో దానికి రెండింతల మీద ఇంకో పది పన్నెండు అంగుళాలైనా పొడవు ఉండాలి. 28 అంగుళాల లాగుడికి 68 నుంచి 72 అంగుళాలు. మీ 60 అంగుళాల్లో పిడికి 8 పోగా వంగే భాగం 52 మాత్రమే. మంచి చెక్కకే అది ఎక్కువ శిక్ష. ఇక టేకు ఎండకీ వానకీ చెదలకీ తట్టుకుంటుంది, ఆకారం చెడదు, అందుకే గుమ్మాలకి అంత మర్యాద. కానీ ఉన్నట్టుండి పడే లాగుడికి అది పెళుసు. మొదటి వింటికి టేకు వద్దు.

ఏ చెక్క అన్నదానికి ఒక మోటు పరీక్ష ఉంది. మీ వైపు కావడిబద్దకీ గొడ్డలి కామకీ ఏ కర్ర వాడేవాళ్లో పాత వడ్రంగుల్ని అడగండి. కావడిబద్ద రోజంతా వంగుతూ లేస్తూ ఉంటుంది, కామ దెబ్బ మీద దెబ్బ తింటుంది. వింటికి కావలసిన గుణాలు ఆ రెండే. ధామన్ చెట్టుకి సంస్కృతంలో ధనుర్వృక్షం అన్న పేరు ఊరికే రాలేదు; కావడిబద్దలకీ అది పేరున్న కర్రే. గొడ్డలి కామలకి వాడే చిరుమాను కూడా గట్టి పిండమే. అయితే అడవిలోకి వెళ్లి కొట్టుకు రావడం నేరం, డిపోలో బిల్లుతో దొరికితేనే తీసుకోండి. వేప, నల్లమద్ది లాంటి వాటిలో నార ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటుంది. బలమైనవే, కానీ ఆరడుగుల తిన్నని నార వాటిలో దొరకదు.

వీటిలో ఏదీ దొరక్కపోతే హైదరాబాద్‌లో ఫర్నిచర్ కోసం దిగుమతి చేసుకున్న కలప అమ్మే డిపోల్లో వైట్ యాష్ గానీ రెడ్ ఓక్ గానీ అడగండి. యాష్ దొరికితే ఇక వెతకొద్దు. 74 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం చాలు. కానీ డిపోలో పలకల దొంతర ముందు గంటసేపు నిలబడే ఓపికతో వెళ్లండి, ఎందుకంటే వింటి పనిలో సగం అక్కడే అయిపోతుంది.

పలకని ఇలా చూడాలి. వెడల్పు ముఖం మీద గీతలు ఆ చివర నుంచి ఈ చివర దాకా అంచుకి సమాంతరంగా పోవాలి. ఒక్కో రెక్కలో, అంటే పిడికి పైనా కిందా ఉండే వంగే భాగంలో, ఒకటి రెండు గీతలు అంచు దాటి బయటికి పోయినా ఓర్చుకోవచ్చు. నాలుగైదు పోతే ఆ పలకని కింద పెట్టేయండి. గోపురం శిఖరాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గీతలుంటే అదీ వద్దు. తర్వాత పక్క అంచు తిప్పి అక్కడా ఇలాగే చూడండి. చాలామంది ఒక ముఖం చూసి మురిసిపోయి పక్క అంచుని మరిచిపోతారు, మీ బద్దలోనూ వాలు అక్కడే ఉండి ఉండొచ్చు. గీతలు కంటికి సరిగా కనపడకపోతే సిరా కలంతో చుక్క పెట్టండి. సిరా నార వెంబడి పాకి దారి చూపిస్తుంది. ముడి ఉన్న పలక ఎంత చవకైనా వద్దు. ఒకే కొలత పలకలు రెండుంటే చేత్తో ఎత్తి చూసి బరువైనది తీసుకోండి. యాష్, ఓక్ కలపల్లో ఒక్కో ఏటి వలయంలో రంధ్రాల పొర సన్నగా, గట్టి పొర మందంగా ఉన్నది మేలు.

ఇంటికి తెచ్చిన పలకని రెండు మూడు వారాలు నీడలో ఉంచి, వారానికోసారి కాటా మీద తూచి రాసుకోండి. వరసగా రెండు వారాలు బరువు మారకపోతే అది మీ ఊరి గాలితో సర్దుకున్నట్టే. చెక్కలో తేమ 8 నుంచి 10 శాతం ఉంటే వింటికి బాగుంటుంది. 6 శాతం కంటే తగ్గితే పెళుసెక్కుతుంది. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల తేమ ఎక్కువ కాబట్టి అక్కడి విల్లు విరగడం కంటే వాలిపోవడమే ఎక్కువ. హనుమకొండలో మే నెల రేకుల షెడ్డు దీనికి పూర్తిగా ఎదురు. పలకని అక్కడ పెట్టకండి, ఇంట్లోకి తెచ్చుకోండి.

ఇక 40 పౌన్ల మాట. మొదటి వింటికి 35 పౌన్లు పెట్టుకోండి, అంటే కాటా లెక్కలో 16 కిలోలు. చెక్కుతూ పోతే 35 కాస్తా 30 అవుతుంది, అయినా చేతికి వాడుకునే విల్లే మిగులుతుంది. బలం ఎలా వస్తుందో తెలిస్తే చెయ్యి తొందరపడదు. వెడల్పు రెట్టింపైతే బలం రెట్టింపవుతుంది, కానీ మందం మాత్రం ఘనం లెక్కన పనిచేస్తుంది. మందంలో పదో వంతు తీస్తే బలంలో నాలుగో వంతుకి పైగా పోతుంది. 15 మిల్లీమీటర్ల చోట ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువ లేచిపోతే జరిగేది అదే. అందుకే చిత్రిక పనిని మొదట్లోనే ముగించి, తర్వాతంతా ఆకురాయి, ఉప్పుకాగితంతోనే నడిపించాలి.

గీత గీయడం. 72 అంగుళాల పొడవు. నడుమ 4 అంగుళాలు పిడి, దానికి రెండు వైపులా 2 అంగుళాల చొప్పున వాలు, ఈ 8 అంగుళాలు వంగకూడదు. రెక్కలు ఒక్కోటి 32 అంగుళాలు. పిడి వాలు దగ్గర నుంచి రెక్క సగం దాకా వెడల్పు ఒకటిముప్పావు అంగుళం, అక్కడి నుంచి చివరికి అరంగుళానికి తిన్నగా సన్నబడాలి. మందం మేస్త్రీల లెక్కలో పిడి వాలు దగ్గర 5 సూతులు, చివర 4 సూతులు, అంటే 16 నుంచి 12.5 మిల్లీమీటర్లు. ఇది మొదలుపెట్టే మందం, దించేది తర్వాత. నడిమి గీతని పలక అంచుని బట్టి కాకుండా నారని బట్టి గీయండి. 2 అంగుళాల పలక నుంచి ఒకటిముప్పావు తీసేటప్పుడు ఆ పావంగుళం తేడా మీ చేతిలో ఉన్న వెసులుబాటు.

పిడి దగ్గర పొట్ట వైపు అదే చెక్క ముక్క, 8 అంగుళాల పొడవు, అంగుళం మందం, మంచి వుడ్ గ్లూతో అతికించి మూడు నాలుగు క్లాంపులు బిగించి 24 గంటలు వదిలేయండి. ఆ ముక్క చివరలు గోడలా నిలువుగా తెగకూడదు, చాటలా జారి రెక్కలో కలిసిపోవాలి. పిడి ముక్క టక్కుమని ఊడిందని చాలామంది జిగురుని తిడతారు. జిగురు తప్పు కాదది, ముక్క అంచు కింద రెక్క వంగడం వల్ల లేస్తుంది. అక్కడ రెక్క వంగకుండా మందం ఉంచితే చవక జిగురు కూడా నిలుస్తుంది.

వీపుని మాత్రం ముట్టుకోవద్దు. చిత్రిక, ఉలి, బరక ఆకురాయి ఏదీ దాని మీద పడకూడదు, 120 నంబరు కాగితంతో నార వెంబడి రుద్దితే చాలు. వీపు అంచుల్ని రెండు మూడు మిల్లీమీటర్ల గుండ్రం చేయండి. పదునైన అంచు నుంచే మొదటి ఈనె లేస్తుంది.

కొప్పులు, అంటే నారి తగులుకునే గాళ్లు, చివర నుంచి ముప్పావు అంగుళం లోపల రెండు పక్కలా 45 డిగ్రీల వాలున సన్నటి గుండ్రటి ఆకురాయితో తీయండి. రెండు మూడు మిల్లీమీటర్ల లోతు చాలు. వీపు మీదుగా అడ్డంగా గాడి కొయ్యకండి.

ఇప్పుడు అసలు పని, టిల్లరింగ్. రెండు రెక్కలూ ఒకే తీరున, ఒక్కో రెక్కలో ప్రతి అంగుళమూ తన వంతు వంగేలా చేయడమే అది. మొదట ఒక చివర నేల మీద ఆనించి, పిడి మీద చెయ్యి వేసి నొక్కుతూ వంపు చూడండి. రెండు రెక్కలూ ఒకేలా రెండు మూడు అంగుళాలు వంగేదాకా పొట్ట వైపు తీయండి. తర్వాత గోడకి పిడి కూర్చునే చెక్క దిమ్మ బిగించి, కింద నేల దగ్గర కప్పీ కట్టి, తాడు నారి మీదుగా దించి దూరం నుంచి లాగే ఏర్పాటు చేసుకోండి. తాడుకీ నారికీ మధ్య పాత సామాన్ల వాళ్లు వాడే కొక్కెం కాటా తగిలించండి. దూరంగా నిలబడి లాగితే రెండు లాభాలు: వంపు మొత్తం ఒక్కసారిగా కంటికి ఆనుతుంది, విరిగితే ముక్క మీ మొహానికి తగలదు. వెనక గోడ మీద అంగుళం గడులు సుద్దతో గీస్తే ఏ రెక్క వెనకబడిందో ఇట్టే తెలుస్తుంది.

వింటి కంటే కాస్త పొడవైన, వదులుగా వేలాడే నారితో మొదలుపెట్టండి. కాటా ఏ దశలోనూ 16 కిలోలు దాటకూడదు. ఇంకా సరిగా వంగని వింటిని బలవంతాన లాగితే పొట్టలో నార నలిగిపోతుంది, ఆ నష్టం తిరిగిరాదు. కొనలు ఆరేడు అంగుళాలు సమానంగా దిగాక పొట్టి నారి వేసి ఎక్కుపెట్టండి. మొదట నారికీ పిడికీ మధ్య 3 అంగుళాల ఎడం చాలు, వంపు కుదిరాక 6 అంగుళాలకి తెండి. అక్కడి నుంచి 12, 16, 20, 24 ఇలా మెట్టు మెట్టుగా వెళ్లండి. ప్రతిసారి చెక్క తీసిన తర్వాత సగం దాకా ఇరవై ముప్పై సార్లు లాగి వదలాలి, మెల్లగా, చేతిలో ఉంచుకునే. తీసిన చెక్క ప్రభావం వెంటనే కనపడదు. ఇది తెలియక తీసిన చోటే మళ్లీ తీసి కీలు తెచ్చుకుంటారు.

కీలంటే రెక్కలో ఒక్క చోటే తలుపు బందులా మడత పడడం. కొత్తవాళ్ల చెయ్యి పోయేది అక్కడికే, ఎందుకంటే కంటికి కనపడేది అదే. కానీ అది ఇప్పటికే పల్చబడిన చోటు. అక్కడ పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి వదిలేయండి, తీయాల్సింది దానికి అటూ ఇటూ వంగకుండా బిర్రుగా ఉన్న చోట్ల. ఆ బిర్రు చోట్లు కంటికి దొరకకపోతే ఒక చిన్న సాధనం ఉంది. ఆరంగుళాల తిన్నని బద్ద మధ్యలో బెజ్జం పెట్టి పెన్సిలు దూర్చండి. విల్లు వంచి ఉంచి, బద్దని పొట్ట మీద అన్నిటికంటే ఎక్కువ వంగిన చోట ఆనించి, పెన్సిలు మొన చెక్కకి తగిలీ తగలనట్టు బిగించండి. తర్వాత బద్దని రెక్క పొడవునా జరపండి. తక్కువ వంగిన చోటల్లా పెన్సిలు గీత పడుతుంది. గీత పడిన చోట మాత్రమే తీయండి. ఇంతలో చూస్తే కీలు మరీ ముదిరిపోయిందా, మిగతా రెక్కంతా దాని స్థాయికి దించండి, 25 పౌన్ల విల్లు వస్తుంది. అదీ విల్లే.

కుదిరిన వింటిలో పిడి తిన్నగా, రెక్కలు నిండు చంద్రవంకలా, ఆఖరి ఆరంగుళాలు దాదాపు తిన్నగా ఉంటాయి. పొట్ట మీద అడ్డంగా సన్న ముడతల గీతలు కనపడితే అక్కడ చెక్క నలుగుతోందని అర్థం, లాగడం ఆపి ఆ చోటు చుట్టుపక్కల పల్చబరచండి. ఎక్కుపెట్టినప్పుడు పిడి వాలు దగ్గర నారికీ పొట్టకీ ఎడం కొలిస్తే పై రెక్క దగ్గర 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే మంచిది, కింది రెక్క కాస్త బిర్రుగా ఉందన్నమాట. బాణం చేతికి పైన కూర్చుంటుంది కాబట్టి ఆ తేడా అవసరం. 28కి చేరడానికి ఒక అంగుళం ముందే కాటా 16 కిలోలు చూపుతుండగానే ఆపేయండి, అంటే 28 దగ్గర అనుకున్న దానికంటే రెండు మూడు పౌన్లు ఎక్కువ ఉంటుంది. ఆఖరి నునుపు రుద్దుడులో ఆ కాస్తా పోతుంది.

నారికి నైలాన్ తాడు పనికిరాదు, సాగుతుంది. విలువిద్య సామాన్ల దుకాణాల్లో దొరికే డాక్రాన్ దారం 12 నుంచి 14 పోగులు, లేదా చెప్పులు కుట్టే మైనం పూసిన పాలిస్టర్ దారం. మొత్తం మీద నారి వింటి బలానికి నాలుగింతలైనా ఆగాలి. కొప్పుకీ కొప్పుకీ మధ్య కొలత కంటే మూడు అంగుళాలు పొట్టిగా కట్టి, పురి వేస్తూ సరిచేసుకోండి.

గుడ్డ సంగతి. వెనక గుడ్డ అతికిస్తే చెక్క బలం పెరగదు. లేవబోయే ఈనెని అది అదిమి పెడుతుంది, విరిగితే ముక్కలు ఎగరకుండా పట్టుకుంటుంది. నార వాలుగా ఉన్న బద్దని ఏ గుడ్డా కాపాడదు. నార దాదాపు తిన్నగా ఉండి ఒకటి రెండు చోట్ల అనుమానం ఉంటే వేయండి. లినెన్ మేలు, పట్టు ఇంకా మేలు. జరీ లేని పాత పట్టుచీర ముక్కని ముందు రెండు చేతులా గట్టిగా లాగి చూడండి. మురిగిన పట్టు చిరుగుతుంది, అది వద్దు. వీపుని 80 కాగితంతో గరుకు చేసి, దుమ్ము తుడిచి, జిగురు పట్టించి, జిగురులో తడిపిన గుడ్డని నడుమ నుంచి కొనలకి వేలితో నొక్కుతూ బుడగలు తీసేయండి. ఇది టిల్లరింగ్ మొదలుపెట్టక ముందే అవ్వాలి.

ఇక మీ వెదురు విల్లు. అది వాలిపోవడానికి కారణం పచ్చిదనం. తడి ఉన్న నార నలిగాక మళ్లీ లేవదు. నారి తీసిన విల్లు అంగుళం, అంగుళంన్నర వాలి ఉంటే మామూలే, రెండు దాటితే ఊపు చచ్చిపోతుంది. రోజంతా ఎక్కుపెట్టి గోడకి వేలాడదీసినా ఇదే జరుగుతుంది. అయితే వెదుర్ని వదులుకోవద్దు. మన నల్లమల చెంచులది వెదురు విల్లే, భిల్లులైతే నారి కూడా వెదురు బద్దతోనే వేస్తారు. జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఇప్పటికీ వెదురు వింటితోనే నడుస్తుంది. మూడేళ్లు దాటిన, గోడ మందం 12 మిల్లీమీటర్లకి తగ్గని గట్టి వెదురు, లాఠీలకి వాడేది, చలికాలంలో కొట్టింది తీసుకోండి. అప్పుడు అందులో పిండి పదార్థం తక్కువ, పురుగు పట్టదు. అడవి బయట పెంచిన వెదురుని చెట్ల లెక్క నుంచి తీసేస్తూ 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించారు కాబట్టి రైతు పొలంలోది కొనుక్కోవచ్చు. 2 అంగుళాల బద్దలుగా చీల్చి, తిన్నని చెక్కకి కట్టి, రెండు మూడు నెలలు నీడలో ఆరనివ్వాలి. బలమైన నారంతా పైచర్మం కిందే ఉంటుంది, కాబట్టి చర్మం వైపు వీపు కావాలి. చెక్కేదంతా లోపలి వైపు నుంచే. కణుపుల్ని చర్మం వైపు చదును చేయకండి, గరుకు పోయేలా రుద్దితే చాలు. పిడి ఎక్కడ పెట్టాలో కణుపుల్ని చూసి నిర్ణయించండి, రెండు రెక్కల్లో అవి అటూ ఇటూగా ఒకే దూరంలో పడాలి.

చెక్క వింటికైనా వెదురు వింటికైనా 80 (వీపు మీద వద్దు), 120, 220 కాగితాలతో రుద్ది, మూడు పూతలు పాలీయురేథేన్ వార్నిష్ వేయండి. నూనె పూత అందంగా ఉంటుంది గానీ వానాకాలపు తేమని అంతగా ఆపదు. వాడాక నారి దించి, రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. మూలకి నిలబెట్టొద్దు, ఎండలో ఆపిన కారులో అసలే వద్దు.

బాణం లేకుండా నారి లాగి ఎప్పుడూ వదలకండి. బాణానికి పోవాల్సిన శక్తంతా రెక్కల్లోకే తిరిగొచ్చి వింటిని చీలుస్తుంది. మరీ తేలిక బాణం కూడా సగం అదే పని చేస్తుంది: 35 పౌన్ల వింటికి బాణం 23 గ్రాములకి తగ్గకూడదు. మీ కంటే చేతులు పొడవైన స్నేహితుడు ఒకసారి చూస్తానంటే 28 అంగుళాల దగ్గర బాణం మీద గీత పెట్టి ఇవ్వండి. మొదటి ఇరవై బాణాలూ కళ్లద్దాలు పెట్టుకునే వేయండి. మేడ మీద మాత్రం వేయొద్దు, ఈ బలం విల్లు నూరు మీటర్లకి పైగా పంపగలదు, పిట్టగోడ దాటిన బాణం ఎవరింట్లో పడుతుందో మీకు తెలియదు.

పెన్సిలు దూర్చే ఆరంగుళాల బద్ద కోసం కొత్త చెక్క కొననక్కర్లేదు. విరిగిన టేకు ముక్కలో నుంచి కోసుకోండి. వంకర పోకుండా, తేమకి కదలకుండా ఏళ్ల తరబడి ఉంటుంది, టేకు చేయగల పని అది.